గుఢియారీ గోడౌన్‌లో పాత ఫోను

“టార్గెట్, గుఢియారీ పేటలో ఒక తుక్కు గోడౌన్,” అన్నాడు చీఫ్ యుగంధర్. “పాత ఫోన్లు కొని, చిప్పుల్లోంచి డేటా లాగుతున్న విదేశీ ముఠా. బాస్ మార్కో. అతని పక్కనే మన డబుల్ ఏజెంట్ ప్రియదర్శిని ఉంది. ఆమె ఫోటో, అసలు పేరు ఉన్న ఫోను ఇవాళ వాళ్ళకి చిక్కింది. మధ్యాహ్నం చిప్పు చదువుతారు. చదివారో, ఆమె బతకదు.”

“ఆ ఫోను ఎవరిది సార్?”

“మనవాడిదే. ఎవడో తెలియాలి.”

ఏజెంట్ గిరిధర్‌కి తెలుసు, అది తనదేనని. చిత్తుకాగితాన్ని కూడా కాల్చి బూడిద చేసే మనిషి, పాడైన ఫోన్లు ఆఫీసులో అప్పగించాలన్న రూలుకి బద్ధకించి, పాత సామాన్లకి గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకొస్తే తన ఫోనిచ్చి స్టీలు డబ్బా తీసుకున్నాడు. పైగా గరిటె కూడా ఇమ్మని బేరమాడాడు! ఆన్ కాని ఫోనులో ఏముంటుందిలే అనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే, “నేను వెళ్తాను సార్,” అన్నాడు.

మిట్టమధ్యాహ్నం చిరుగుల బనియనుతో, తోపుడు బండితో, తుక్కువాడి వేషంలో గోడౌన్‌లోకి దూరాడు. కాలిన వైర్ల కంపు, యాసిడ్ తొట్లు. మార్కో పక్కన ఎర్ర లిప్‌స్టిక్‌తో ప్రియదర్శిని.

“టాటీబంధ్ మాలా?” ఏ పేట తుక్కో అడుగుతున్నట్టు హిందీలో కోడ్‌వర్డ్ అడిగిందామె.

“కాదు, మందిర్ హసౌద్ మాల్.”

అప్పటికే బల్ల మీది చిప్ రీడర్ స్క్రీన్‌పై ఒక ఫోటో పైనుంచి మెల్లగా తెరుచుకుంటోంది. నుదురు కనిపించింది. కనుబొమలు కనిపించాయి. మార్కో తల ప్రియదర్శిని వైపు తిరగబోయింది.

గిరిధర్ చెవి మీది పెన్సిల్ తీసి చిప్ రీడర్‌కి ఆనించాడు. అందులో దాచిన షాకర్‌కి స్క్రీన్ ఫట్‌మని ఆరిపోయింది. మార్కో తుపాకీ తీసేలోపు ప్రియదర్శిని ఎత్తిన కుర్చీ అతని నెత్తిన పడింది. బయట కాచుకున్న టీము లోపలికి దూకింది.

“ఏటి సార్, నా ఫోటో కబాడీ తుక్కులో పడీసిన బేవకూఫ్ ఎవడు?” అంది ప్రియదర్శిని.

“నేనేనమ్మా. స్టీలు డబ్బాకిచ్చేశాను.”

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “మూతైనా ఉందా సార్?” అని మాత్రం అడిగింది.

సాయంత్రం చీఫ్ ముందు నిలబడి అంతా చెప్పేసి, రాజీనామా చేస్తానన్నాడు. యుగంధర్ తన టేబుల్ సొరుగు బయటికి లాగాడు. నిండా పాత ఫోన్లు.

“ముందు వీటిని లైసెన్సున్న రీసైక్లింగ్ సెంటర్‌కి పట్టుకెళ్ళి, దగ్గరుండి ముక్కలు చేయించు,” అన్నాడు తలెత్తకుండా. “మిషన్ టాప్ సీక్రెట్. మా ఇంట్లో ఇంకో అట్టపెట్టె ఉంది.”