బల్ల మీది మీటరు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో గట్టయ్య షెడ్డు. వాన వెలిసిన సాయంత్రం. తడిసిన గోనెసంచుల వాసన, గ్రీజు వాసన. గట్టయ్య లారీ కింద వెల్లకిలా పడుకొని బోల్టులు బిగిస్తున్నాడు. అది చచ్చిపోయిన తమ్ముడు రాజమల్లు లారీ. తమ్ముడు పోయిన నాటి నుంచి గట్టయ్యకు ఏడుపూ రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

పోలీసు యాక్షన్ అయ్యాక వేలానికొచ్చిన పెద్ద మిలిటరీ టైర్లు చవగ్గా ఉన్నాయని రాజమల్లు లారీకి వేయించుకున్నాడు. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, వేగం చూపే మీటరేమో పాత లెక్కే చెబుతుంది. తర్వాత చూద్దాంలే అన్నాడు మహానుభావుడు. ముల్లు ముప్పై అయిదు దగ్గరుంటే బండి నలభై దాటేది. ఆ ముల్లును నమ్మే ఖైరతాబాద్ మలుపు తిప్పాడు.

ఇక ఆ లారీ నడిపేది గట్టయ్య అల్లుడు బాలకిషన్. అందుకే గట్టయ్య మీటరు కేబుల్‌కుండే చిన్న పళ్లచక్రం మార్చాడు. మామా అల్లుళ్లు మైలురాళ్ల మధ్య గడియారం పట్టుకొని నడిపి చూసుకొచ్చారు. లెక్క కుదిరింది.

"ఇగ ఫికర్ లేదు మామా," అంటూ బాలకిషన్ షెడ్డులో ఇంజను ఆపాడు.

ముల్లు సున్నాకు పడి, మళ్లీ మెల్లగా లేచింది. ఇరవై... ముప్పై... గట్టయ్య కిందికి దూరి కేబుల్ ఊడబెరికాడు. ముల్లు దిగలేదు.

"గీ బండి నువ్వు ముట్టకు," అన్నాడు గొంతు తగ్గించి.

"మరి సేటు సరుకు? ఇయ్యాలనే కాచిగూడకు చేరాలె గద."

"పక్క షెడ్డుల వామన్‌రావు లారీ ఉన్నది. గది తీస్కపో."

బాలకిషన్ ఆ లారీ తీసుకొని అబిడ్స్ వైపు వెళ్లాడు. కూతురు పద్మ పసుపుకుంకుమలు నిలిచాయనుకున్నాడు గట్టయ్య. ఆ పాడు మీటరును విప్పి బల్ల మీద పడేశాడు. ముల్లు సున్నాకు వచ్చింది.

కాసేపటికి కదిలింది.

పది. ఆగింది... అబిడ్స్ చౌరస్తాలో ఎవరో అడ్డం వచ్చినట్టు. మళ్లీ ఇరవై. ముప్పై. మీటరుకు కేబుల్ లేదు, ఏమీ లేదు. అది ఎవరి వేగమో గట్టయ్యకు తెలిసిపోయింది. పరుగెత్తాలనుకున్నాడు. ఏ సందున పోయినా ఆ లారీని అందుకోలేడు.

నలభై...

టక్కున సున్నా.

"బాపూ," షెడ్డు వెనక ఇంట్లోంచి పద్మ పిలిచింది. "ఆయనొచ్చినట్టున్నది. జర తలుపు తియ్యి."

సందులో లారీ చప్పుడు లేదు. షెడ్డు తలుపు అవతల మాత్రం బాలకిషన్ గొంతు, చాలా మెల్లగా...

"మామా... మీటరు మంచిగనే చూపిచ్చింది."