పన్నెండు నలభై రైలు

వంతెన కాపలాదారు ప్రోఖోర్ శవం పొద్దున్న ఏడింటికి వాగులో తేలింది. మెడ చుట్టూ సన్నటి తీగ కోసిన గుర్తు. వాగుకి ఇవతల రష్యా, అవతల జర్మనీ. 1914 జూలై నెలాఖరు.

ఎనిమిదింటికి రష్యా వైపు వెర్జ్‌బొలొవో స్టేషన్‌లో, పక్క పట్టాల మీద నిలిపిన ఒక రైలు పెట్టెలో కల్నల్ ద్రోబిష్ తలుపు గడియ వేశాడు. ఎదురుగా ఏజెంట్ యెగోర్ లూకిచ్ తార్నోవ్. రైలు చక్రాలని సుత్తితో కొట్టి పగుళ్ళు కనిపెట్టే పనివాడి వేషం. ఆ సుత్తి పిడి డొల్ల. అందులో చిన్న కటింగ్ ప్లయర్.

"బెర్లిన్‌లో మాజీ ఆఫీసర్ల ముఠా ఒకటుంది," అన్నాడు కల్నల్. "మూడేళ్ళు ఆగితే మన సైన్యం వాళ్ళ సైన్యాన్ని మించిపోతుందని వాళ్ళ భయం. అందుకని యుద్ధమేదో ఇప్పుడే రావాలి. దానికో సాకు కావాలి."

"ఏంటి సార్ ఆ సాకు?"

"అది కనుక్కోవడానికే నువ్వు. మధ్యాహ్నం స్టేషన్ క్యాంటీన్ కిటికీ దగ్గర ఆకుపచ్చ టోపీ ఆవిడ కూర్చుంటుంది. ఒట్టీలియా క్రాంజ్. గుర్తుమాటగా 'ఈ ఏడాది చెర్రీలు పులుపు' అను. కానీ జాగ్రత్త. మన ఉప్పూ వాళ్ళ ఉప్పూ తినే మనిషి."

పన్నెండూ పదిహేనుకి తార్నోవ్ క్యాంటీన్ కిటికీ కింద చక్రాలు కొడుతున్నాడు. పైన ఆకుపచ్చ టోపీ కదిలింది. ప్లాట్‌ఫారం మీద మగవాళ్ళ కళ్ళన్నీ ఆ టోపీ మీదే ఉన్నాయి. అతన్ని ఎవరూ చూడలేదు.

"ఈ ఏడాది చెర్రీలు పులుపు," అన్నాడు తలెత్తకుండా.

"పంచదార ఉందిగా," అందామె. అదే జవాబు. మరుక్షణం గొంతు తగ్గించింది. "పన్నెండు నలభైకి బెర్లిన్ నుంచి రైలు వంతెన మీదికొస్తుంది. మూడో స్తంభంలో గడియారం బాంబు. సెలవులు మానుకుని ఇళ్ళకి పరిగెత్తుకొస్తున్న మీవాళ్ళు ఆరొందల మంది ఉన్నారందులో. పేల్చింది మీరని వాళ్ళంటారు, కాదు వాళ్ళేనని మీరంటారు. ఇక చూసుకో."

"ఇంతసేపు ఏం చేస్తున్నారండీ?"

"ధైర్యం కూడగట్టుకుంటున్నాను."

"ఇన్నేళ్ళు రెండు వైపులా అమ్మారుగా. ఇవాళేం పుట్టింది?"

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నేనమ్మింది అంకెలయ్యా. వాళ్ళకి నలభై పెద్ద ఫిరంగులున్నాయని మీకు చెప్పాను. ఉన్నవి ఇరవై. మీరు బెదిరిపోయి యాభై చేయించారు. అది విని వాళ్ళు అరవై పోత పోశారు. నేనాడిన అబద్ధం ఒక్కటైనా అబద్ధంగా మిగల్లేదు. కానీ ఆరొందల మందిని చంపడానికి నేనెవరికీ మాటివ్వలేదు. వెళ్ళు, ముందు వెళ్ళు!"

వంతెన మీద కొత్త కాపలాదారు తుపాకీ అడ్డం పెట్టాడు.

"ఎక్కడికోయ్?"

"పట్టాలు చూడాలి బాబూ. మా ప్రోఖోర్ లేడా?"

"జ్వరం. ఇంట్లో పడుకున్నాడు."

పొద్దున్న వాగులోంచి తీసిన ప్రోఖోర్ శవానికి కళ్ళు మూసింది తార్నోవే.

"అయ్యో, వేడివేడిగా క్యాబేజీ సూప్ తాగమని చెప్పు," అంటూ సుత్తి తిప్పి అతని మోకాలి మీద కొట్టాడు. రెండో దెబ్బకి ఆ మనిషి కమ్మీ మీదుగా వాగులో పడ్డాడు. మళ్ళీ పైకి రాలేదు.

తార్నోవ్ ఇనప నిచ్చెన మీంచి జారాడు. మూడో స్తంభం గూట్లో రేకు పెట్టె. మూత బిగుసుకుపోయింది. ప్లయర్‌తో పెకలించాడు. లోపల గడియారం పన్నెండూ ముప్పై తొమ్మిది చూపిస్తోంది. అవతలి మలుపులో రైలు కూత వేసింది.

తీగలు మూడు. ఏది కొయ్యాలో ఆలోచించే వ్యవధి లేదు. మందుకి నిప్పంటించే చిన్న పేలుడు గొట్టాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగి బయటికి విసిరాడు. చెయ్యి దాటీ దాటకముందే అది పేలింది.

తల మీంచి రైలు వెళ్ళిపోయింది. చక్రాల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. తార్నోవ్ తన చేతికేసి చూసుకున్నాడు. రెండు వేళ్ళు లేవు.

మూడో రోజు ఆస్పత్రి నుంచి కల్నల్ అతన్ని తిన్నగా వంతెన దగ్గరికి తీసుకెళ్ళాడు. స్టేషన్ గోడల నిండా సైన్య సమీకరణ ప్రకటనలు. వంతెన కింద రష్యా సైనికులే మందుగుండు పెట్టెలు దించుతున్నారు.

"ఏంటి సార్ ఇది?"

"పేల్చేస్తున్నాం. సమీకరణ మొదలైన మూడో రోజు ఈ వంతెన లేపెయ్యాలని రెండేళ్ళ కిందటే ప్లాన్‌లో రాశారు."

"మరి నన్నెందుకు పంపారు?"

"వాళ్ళకి సాకు దొరక్కూడదని. దొరకలేదు, శభాష్. సాకు లేకుండానే యుద్ధం వచ్చింది. వాళ్ళు కదులుతారని మనం కదిలాం. మనం కదిలామని వాళ్ళు కదిలారు. ఒకసారి రైళ్ళు బయల్దేరాక ఆపడమెలాగో ఎవరి ప్లాన్‌లోనూ లేదు."

"ఒట్టీలియా?"

"పొద్దున్న మనవాళ్ళే కాల్చేశారు. గూఢచారి కదా."

"ఆ రైలుని కాపాడింది ఆవిడ సార్!"

"అది మొన్న, యెగోర్ లూకిచ్. ఇవాళ యుద్ధం."

తార్నోవ్ కమ్మీ మీంచి వంగి చూశాడు. కింద ఎవరో మేకులు కొడుతున్నారు.

కల్నల్ పొడిగా దగ్గాడు. "ఈ వంతెన నీకు బాగా తెలుసుగా. మందు ఎక్కడ పెట్టమంటావు?"

తార్నోవ్ కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించాడు.

"మూడో స్తంభంలో సార్. వాళ్ళు చోటు బాగానే ఎంచారు. మధ్యలో నేనే అడ్డొచ్చాను."