పాత చూపు

చోడవరంలో కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో సగం మంది సంయుక్తని డాక్టరనే అనుకుంటారు. ఆమె డాక్టరు కాదు. చూపు పరీక్ష చేసి, ఏ పవర్ అద్దాలు కావాలో తేల్చి, ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసే మనిషి. పన్నెండేళ్ళుగా అదే పని. నెలకి రెండుసార్లు చుట్టుపక్కల బడులకి వెళ్ళి పిల్లల కళ్ళు చూసి వస్తుంది. ఆ పనంటే ఆమెకి ప్రాణం. తనకీ ఆరో తరగతి దాకా నల్లబల్ల మీద అక్షరాలు కనబడలేదు. కనబడ్డం లేదన్న సంగతి కూడా తెలీదు. లోకం అందరికీ అలాగే ఉంటుందనుకుంది. ఇప్పుడామెకి మైనస్ ఆరు. కళ్ళజోడు తీస్తే జానెడు దూరం దాటిందల్లా మసకే.

నవంబరులో ఒక మంగళవారం వడ్డాది దాటి, చెరకు తోటల మధ్యనున్న ఒక చిన్న ఊరి బడికి వెళ్ళింది. తరగతి గదిలో నల్లబల్ల పక్కన గోడకి అక్షరాల చార్టు తగిలించి, ఆరు మీటర్లు కొలిచి నేల మీద సుద్దగీత గీసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గీత మీద నిలబడి, ఒక కన్ను మూసుకుని చదువుతున్నారు. గదిలో సుద్ద వాసన, తడి గోనెల వాసన. బయట చెరకు ట్రాక్టరు ఒకటి మూలుగుతూ పోతోంది.

కాసేపటికి సంయుక్త ఒక సంగతి గమనించింది. చూపు బాగున్న పిల్లలంతా మెడ పక్కకి వంచి చదువుతున్నారు. ఎదురుగా ఎవరో అడ్డంగా నిలబడితే తొంగి చూసినట్టు.

"ఎందుకలా వంగుతన్నావు? తిన్నగా నిలబడి చదువు," అంది చిన్నారి అనే పిల్లతో.

చిన్నారి నేల చూపులు చూసింది.

కిటికీ వెలుగు చార్టు మీద పడి మెరుస్తోందేమో అనుకుంది సంయుక్త. చార్టు అంగుళం జరిపింది. పిల్లల మెడలు వంగుతూనే ఉన్నాయి.

నలభై రెండు మందిలో పదకొండు మందికి కళ్ళజోడు కావాలని తేలింది. ఆ పదకొండు మందీ మాత్రం తిన్నగానే నిలబడ్డారు. వాళ్ళందరిలోకి చూపు బాగా తక్కువ దేవిశ్రీకి. అయిదో తరగతి. అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం కూడా అందలేదు.

"అంతా తెల్లగా ఉంది మేడమ్," అంది నవ్వుతూ. ఆ రోజు ఆ బడిలో నవ్విన పిల్ల అదొక్కతే.

మధ్యాహ్నం బడిలో అన్నం వండే అచ్చియ్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దేవిశ్రీకి నాయనమ్మ ఆవిడ.

"అమ్మా, మా గుంటకి కళ్ళజోడొద్దు."

"ఆడపిల్లకి కళ్ళజోడేటని ఆలోచిస్తన్నావా మామ్మా?"

"అది కాదు బాబూ. దానికి దూరం కనబడదు. మాకు తెలుసు. అది సుఖంగా ఉంది. ఉండనీ."

ఇలాంటి మాటలు సంయుక్త ప్రతి ఊళ్ళోనూ వింటుంది. ఓపిగ్గా కూర్చుని చెప్పింది. ఈ వయసులో అద్దాలు పెట్టకపోతే కంటికి చూడ్డం అలవాటే కాదని, తర్వాత ఎన్ని అద్దాలు మార్చినా ఆ చూపు రాదని చెప్పింది. ఏడాదికోసారి పవర్ చూపించుకోవాలంది. కళ్ళజోడు రెండు చేతులతో తీయాలని, అద్దాలు నేలకానేటట్టు బోర్లా పెట్టకూడదని, కొంగుతో తుడవకూడదని కూడా చెప్పింది. హెడ్మాస్టరు వేంకటరమణమూర్తి పక్కనే నిలబడి విన్నారు. నల్లబల్ల ఉన్న గోడకి ఆయన వీపు తిప్పి ఉన్నారు. ఏదో చెప్పబోయి, మానేసి, జాబితా కింద సంతకం పెట్టారు.

అప్పటికే దేవిశ్రీ ఫ్రేముల పెట్టె మీద వాలిపోయింది. అన్నీ పెట్టుకు చూసి, వంగపండు రంగుది ఏరుకుంది. పిల్లలు పడేస్తుంటారని దానికి పగలని రకం అద్దాలు రాసింది సంయుక్త. పిల్ల ముఖం చూసి అచ్చియ్యమ్మ మళ్ళీ వంట దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండు వారాల తర్వాత కళ్ళజోళ్ళు తెచ్చి ఇచ్చింది. బడి వసారాలో దేవిశ్రీకి స్వయంగా పెట్టి, కాడలు చెవుల వెనక సర్దింది.

ఆ పిల్ల కాసేపు కదల్లేదు. ఎదురుగా ఉన్న వేపచెట్టుకేసి చూస్తూ నోరు తెరిచింది.

"ఆకులు ఇడిఇడిగా ఉంటాయా మేడమ్?"

తర్వాత నాయనమ్మని చూసి పకపకా నవ్వింది. "మామ్మా, నీ మొకం నిండా ఇన్ని గీతలేటే!"

సంయుక్తకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ ఒక్క క్షణం కోసమే ఆమె ఇన్నేళ్ళుగా ఈ మట్టి రోడ్లమ్మట తిరుగుతోంది.

దేవిశ్రీ తరగతి గదికేసి తిరిగింది. నవ్వు ఆగిపోయింది.

"మేడమ్... ఆవిడెవరు?"

"ఎక్కడ?"

"అక్కడ. గోడకేసి తిరిగి నిలబడింది."

సంయుక్త చూసింది. అందరి కళ్ళూ చూసే మనిషి తన కళ్ళు చూపించుకుని అయిదేళ్ళయింది. దూరంగా ఉన్నవి ఆమెకి కొంచెం అలికినట్టే ఉంటాయి. నల్లబల్ల. గోడ. అంతే.

అప్పుడు గమనించింది... గదిలో పిల్లలందరూ తలలు దించేశారు. ఒక్కసారిగా. ఎవరో చెప్పినట్టు. వెనక వరసలోంచి ఒక గుసగుస వినబడింది.

"అడిగేసింది."

అచ్చియ్యమ్మ పరుగున వచ్చి మనవరాలి కళ్ళజోడు లాగేసింది. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, పిల్లని ఇంటికి ఈడ్చుకుపోయింది.

*

తర్వాతి సోమవారం సాయంత్రం అయిదు దాటింది. డాక్టరుగారు అనకాపల్లి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు కూడా ఇళ్ళకి పోయారు. సంయుక్త గదులు సర్దుతుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. అచ్చియ్యమ్మ దిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని దేవిశ్రీ. పిల్ల కళ్ళకి తువ్వాలు కట్టి ఉంది.

"కళ్ళజోడు పొయ్యిలో పడేసేనమ్మా. అయినా కనబడతందంటంది. కళ్ళు మూసినా కనబడతందంటంది. ఆర్రోజులై నిద్ర లేదు దానికి."

"ఏటి కనబడతంది?"

అచ్చియ్యమ్మ మనవరాలిని ముందుకి నెట్టింది. "పరీక్ష సెయ్యి. నీకే తెలుస్తాది."

పరీక్ష గది ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. ఎదుటి గోడ మీద వెలిగే చార్టు పెట్టె ఒక్కటే వెలుగు. దేవిశ్రీని కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలు విప్పింది సంయుక్త. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఎదురుగా ఏముంది తల్లీ?"

"తెల్లగా... మసగ్గా ఉంది. మీరూ మసకే. మామ్మా మసకే." పిల్ల గొంతు దిగిపోయింది. "ఆవిడొక్కర్తీ మసక లేదు."

సంయుక్త తనకి తెలిసిన పనినే పట్టుకుంది. పరీక్ష ఫ్రేము పెట్టి, రెండు కళ్ళకీ ప్లస్ పది అద్దాలు వేసింది. అవి పెడితే దేవిశ్రీ కంటికి లోకం మొత్తం పాలలో మునిగినట్టయిపోవాలి.

"ఇప్పుడు?"

"అన్నీ పోయేయి మేడమ్... ఆవిడుంది."

అద్దాలు తీసి రెండు నల్లమూతలు వేసింది. వాటిలోంచి వెలుగు చుక్క కూడా దూరదు.

"ఇప్పుడు?"

పిల్ల కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"దగ్గరకొచ్చింది."

అచ్చియ్యమ్మ నేల మీద చతికిలబడింది. చాలా మెల్లగా మాట్లాడింది.

"మా ఊళ్ళో కళ్ళు బాగున్నోళ్ళందరికీ కనబడతాదమ్మా. గోడకేసి నిలబడి ఉంటాది. మా అమ్మ కాలం నుంచీ అంతే. ఎవురూ పలకరించం. ఎవురని అడగం. అడక్కపోతే ఇటు తిరగదు. పిల్లలకి మాటలొచ్చినప్పుడే సెప్పేస్తాం. దీనికి ఎలాగూ మసక కదా, సెప్పి భయపెట్టడం ఎందుకులే అనుకున్నాం. నువ్వు కళ్ళజోడు రాసినప్పట్నుంచీ సెప్పాలనే అనుకున్నాను. రోజూ అనుకున్నాను. అది ఆ కళ్ళజోడు కోసం రోజులు లెక్కెట్టుకుంటంటే... నోరు రాలేదు."

ఉన్నట్టుండి వంగి సంయుక్త కాళ్ళు పట్టుకుంది.

"దాని పాత సూపు దానికిచ్చెయ్యమ్మా."

సంయుక్త బల్ల మీద పెట్టెకేసి చూసింది. అందులో రెండొందల పైచిలుకు అద్దాలున్నాయి. దూరాన్ని దగ్గర చేసేవి, దగ్గరని పెద్దది చేసేవి, వంకర సరిచేసేవి. చూసినదాన్ని చూడనట్టు చేసేది ఒక్కటీ లేదు.

పన్నెండేళ్ళుగా ఎదుటివాళ్ళని ప్రశ్నలడగడమే ఆమె బతుకు. అలవాటుగా ఆ మాట నోట్లోంచి జారిపోయింది.

"ఇంతకీ ఎవరు మామ్మా ఆవిడ?"

అచ్చియ్యమ్మ చెయ్యి ఆమె నోటిని మూసేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

గదిలో ఎక్కడిదో తడి సున్నం వాసన... అప్పుడే వెల్ల వేసిన గోడకి ముక్కు ఆనించినట్టు. నల్లమూతల వెనకనుంచి దేవిశ్రీ తల నెమ్మదిగా తిరిగింది. ఎవరి నడకనో వెంబడిస్తున్నట్టు.

"మేడమ్..." అంది గుసగుసగా. "మీ వేపొస్తంది."

సంయుక్తకి చెమటలు పట్టాయి. అద్దాల మీద ఆవిరి కమ్మింది. తీసి తుడుచుకుందామని కళ్ళజోడు తీసింది.

చార్టు పెట్టె తెల్లటి మరకైపోయింది. పిల్ల ఒక నీడ. అచ్చియ్యమ్మ ఒక ముద్ద. అంతా ఎప్పట్లాగే మసక.

ఆ మసకకి ముందు... నేత చీర. పోగులు లెక్కపెట్టేంత స్పష్టంగా. చీర మీద సున్నం చారలు. వేలాడుతున్న చేతులు. గోళ్ళ కింద సున్నం.

తల పైకెత్తకూడదనుకుంది.

ఎత్తింది.

*

దేవిశ్రీకి ఏమీ తగ్గలేదు. బడి మానేసింది. ఇప్పుడు తువ్వాలు కూడా కట్టుకోవడం లేదు, కట్టినా ఒకటేనట. మిగతా పదిమంది పిల్లలూ ఎవరూ చెప్పకుండానే కళ్ళజోళ్ళు తెచ్చి హెడ్మాస్టరుగారి బల్ల సొరుగులో పెట్టేశారు. ఆయన ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కా చెప్పారు. వెంటనే పెట్టేశారు.

సంయుక్త విశాఖపట్నం వెళ్ళి తన కళ్ళు పరీక్ష చేయించుకుంది. కొత్త పవర్ వేయించుకుంది. కళ్ళజోడు పెట్టుకున్నా, తీసినా, దిండులో ముఖం దాచుకున్నా తేడా లేదు. ఇంట్లో మొదట్లో ఆవిడ పడగ్గది అవతలి గోడ దగ్గర ఉండేది. ఇప్పుడు మంచం కాళ్ళ దగ్గరికొచ్చింది.

"ఏటలా చూస్తన్నావు?" అంటాడు భర్త రఘునందన్, రోజుకి నాలుగుసార్లు.

"ఏం లేదు," అంటుంది.

ఎవరికైనా చెప్పుకుని ఏడవాలని ఉంటుంది. కానీ చెబితే, విన్న ఎవరైనా మొట్టమొదట అడిగేది ఆ ప్రశ్నే. రఘునందనూ అదే అడుగుతాడు. అందుకని ఆమె నోరు విప్పదు. ఆవిడ ముఖం ఎలా ఉందో అచ్చియ్యమ్మకి కూడా చెప్పలేదు.

పనికి మాత్రం వెళ్తోంది. నిన్న ఉదయం పరీక్ష గది తాళం తీసేసరికి, పవర్ కొలిచే మిషన్‌లోంచి ఒక చీటీ బయటికి వేలాడుతోంది. ఎవరైనా గడ్డం ఆనించి లోపలికి చూస్తేనే ఆ మిషన్ కొలుస్తుంది. చీటీ మీద టైము ముందురోజు రాత్రి ఏడూ నలభై. ఆరింటికే గదికి తాళం వేసి తాళంచెవి తన సంచిలో వేసుకుంది సంయుక్త.

కుడి కన్ను సున్నా. ఎడమ కన్ను సున్నా. ఏ అద్దాలూ అక్కర్లేని చూపు.

చీటీ అడుగున రెండు కనుపాపల మధ్య దూరం వేసి ఉంటుంది. మనుషులకి అరవై, మహా అయితే డెబ్భై అయిదు మిల్లీమీటర్లు. ఎనభై అయిదు దాటితే ఆ మిషన్ కొలవనే కొలవదు.

చీటీ మీద నూట నలభై రెండని ఉంది.