డెనిస్ చేసిన క్రేన్

"లివర్‌పూల్‌లో పర్సీ రిమ్మర్ అని ఒక ముసలి ఇంజనీరు. మన ఓడల మీదికొచ్చే టార్పెడోని దారి తప్పించే యంత్రం కనిపెట్టాడు," అన్నాడు చీఫ్. "డ్రాయింగులు లేవు. మోడల్ మెకానోతో, అదే నట్లు బిగించే ఇనప పట్టీల సెట్టుతో చేశాడు."

"పిల్లల ఆటసామానుతోనా?" అన్నాడు ఏజెంట్ గార్సైడ్.

"నువ్వు ఆడుకోలేదా ఏమిటి? శత్రువులు దాన్ని ఈ సాయంత్రం ఓడెక్కించాలని చూస్తున్నారు. ఆపు. ఐరిస్ ముందే వెళ్ళింది."

ఐరిస్ పేరు వినగానే గార్సైడ్ టై సర్దుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అంత అందగత్తె మరొకతె లేదు.

గార్సైడ్ గ్యాస్ మీటర్ చూసేవాడి వేషంలో రిమ్మర్ ఇంటి తలుపు తట్టాడు. "పొయ్యి సన్నగా మండుతోందా?"

"ఆదివారం నుంచీ." కోడ్ సరిపోయింది. ముసలాయన లోపలికి రానిచ్చాడు.

బల్ల మీద మోడల్ లేదు. చిల్లుల పట్టీలు, ఇత్తడి పళ్ళచక్రాలు పెట్టె అరల్లో సర్ది ఉన్నాయి.

"పొద్దున్నే విప్పేశాను నాయనా. పని చేస్తుందని తేలిందిగా, తర్వాతి మోడల్‌కి మళ్ళీ అవే నట్లు కావాలి. మెకానో పట్టినవాళ్ళం అందరం అంతే. అదంతా ఇక్కడుంది," అని నుదురు తట్టుకున్నాడు.

"ఆ సంగతి తెలిస్తే మిమ్మల్నే ఎత్తుకుపోతారు," అన్నాడు గార్సైడ్.

విప్పనిది ఒక్కటే ఉంది. గూట్లో ఎర్ర క్రేన్.

"మా అబ్బాయి డెనిస్ చేశాడు. యుద్ధంలో వాడెక్కిన ఓడ టార్పెడో తగిలి మునిగిపోయింది."

గార్సైడ్ టోపీ తీశాడు. ఇంతలో తలుపు తెరుచుకుంది. ఐరిస్. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ పిస్తోలు అతని గుండెకే గురిపెట్టి ఉంది.

"నువ్వు కూడానా?"

"మొదట్నుంచీ. ఇన్నాళ్ళూ కనిపెట్టలేదంటే నీ మీద నాకే జాలేస్తోంది." ఆమె కళ్ళు క్రేన్ మీద ఆగాయి.

"దాని జోలికి వెళ్ళకమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను." రిమ్మర్ ఏడుస్తున్నాడు. అది నటన కాదు.

"అడుగున గేర్లు పెట్టి పైకి క్రేన్ వేషం వేశారన్నమాట. తెలివైనవారే," అంటూ ఐరిస్ దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

కారు కదిలింది. గార్సైడ్ సంచిలోంచి పిస్తోలు తీసి కిటికీలోంచి టైరుకు గురిపెట్టాడు. మీట నొక్కబోయే క్షణంలో ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీ నాయనా. అదే మోడల్ అనుకుంటే మళ్ళీ రారు. ఇంకొకరి కొడుకైనా ఒడ్డుకు చేరతాడు."

కారు మలుపు తిరిగింది. రిమ్మర్ ఖాళీ గూటి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. గార్సైడ్ పెట్టిచ్చిన టీ చల్లారాక అడిగాడు, "వాళ్ళు దాన్ని విప్పేస్తారా?"

ఒక్కో నట్టూ విప్పి చూస్తారని గార్సైడ్‌కి తెలుసు.

"లేదండీ. అద్దాల బీరువాలో భద్రంగా దాచుకుంటారు."

అబద్ధాలాడినందుకే అతనికి జీతమిస్తారు. ఆ ఒక్కదానికి మాత్రం ఆ జీతం చాలదనిపించింది.