తరువాయి పద్నాలుగో పేజీలో

“ఈ పేజీ కూర్చిందెవరు?”

తలెత్తి చూశాను. గడపలో ఒక అమ్మాయి. చేతిలో నేను ముందురోజు పంపిన ప్రూఫు కాగితాలు, కళ్లలో కోపం, జడ మీద వాన చుక్కలు. నిజం చెప్పొద్దూ, నేను ఆ చుక్కల దగ్గరే కాసేపు ఆగిపోయాను.

“నేనే. ఏం, మంచిగొచ్చిందా?” అన్నాను గర్వంగా.

“మీరు హార్మోనియం ఎప్పుడన్న చూసిండ్రా?”

ఇదేం ప్రశ్న అనుకున్నాను. ముందు నా సంగతి చెప్పాలి. పాలమూరు బజారులో నాకో చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే మిషను ఒకటి, అక్షరాల కేసులు నాలుగు, ‘ప్రొప్రయిటర్: సిద్దిరాములు’ అని ఒక బోర్డు. మా నాయిన మగ్గం నేసేవాడు. నేను హైదరాబాదులో ఓ పెద్ద ప్రెస్సులో నాలుగేళ్లు పనిచేసి, పత్రిక అంటే ఎలా ఉండాలో నేర్చుకుని వచ్చాను. పేరు పైన, పెద్దక్షరాల్లో. అట్ట మీద ఒక్కటే ముఖం, చూపు పేజీ లోపలికి. విషయసూచిక తర్వాత అధ్యక్షుడి మాట. పేజీకి రెండు కాలమ్‌లు, నడుమ సన్నగీత. రాసింది పట్టకపోతే కింద ‘తరువాయి ఫలానా పేజీలో’. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

పెళ్లి కార్డులూ సోడా లేబుళ్లూ కొడుతూ ఆ నోటుబుక్కు బూజు పట్టిపోతుంటే, అరవై మూడు జ్యేష్ఠంలో సంగీత సమాజం వాళ్లు ‘నాదవల్లరి’ అనే మాసపత్రిక పని నాకిచ్చారు. పదహారు పేజీలు. ఎగిరి గంతేశాను. సంపాదకురాలు ఆడపిల్లల బడిలో పాటల టీచరు, పేరు ఆండాళు అన్నారు. ఇదిగో, ఈవిడే.

“ఇట్ల రండ్రి” అని ఎదురుగా ఉన్న సమాజం గదికి తీసుకుపోయింది. హార్మోనియం ముందు కూర్చుని నా ప్రూఫు దాని మీద నిలబెట్టింది.

“ఎడమ చెయ్యి దేనికి?”

“గాలి కొట్టనీకి.”

“కుడి చెయ్యి?”

“మెట్ల మీద.”

వాయించడం మొదలుపెట్టింది. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. అయినా ఆ పాటకు నా వీపు మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రెండో చరణం అయ్యేసరికి ఠక్కున ఆపేసింది.

“ఇగో, తరువాయి పద్నాలుగో పేజీల అట. గాలి ఆపాల్నా, మెట్లు వదలాల్నా? తిప్పనీకి మూడో చెయ్యి ఏడికెళ్లి తేవాలె?”

నేను చెయ్యి చాపి పేజీలు తిప్పి పద్నాలుగో పేజీ తెరిచాను. కాగితం మీద నా బొటనవేలి సిరా మరక పడింది. ఆవిడ తర్వాతి చరణం కూడా వాయించి నావైపు చూసింది.

“పత్రిక కొన్న ప్రతి ఇంటికీ వచ్చి తిప్పుతరా?”

“ప్రతి ఇంటికీ ఎందుకు?” అనేశాను.

అన్నాక నా చెవులు వేడెక్కాయి. ఆవిడ తల వంచుకుని లేని సిరా మరక పైట కొంగుకు తుడుచుకుంది.

“పాటంత ఎదురెదురు పేజీలల్ల ఉండాలె. తిప్పే పనే ఉండొద్దు” అంది తర్వాత, మళ్లీ టీచరయిపోయి.

“అట్ల ఒప్పదు. పద్ధతి ఉంటది.”

“ఆ పద్ధతి ఎవరు పెట్టిన్రు?”

“హైదరాబాదుల పెద్దపెద్దోళ్లు.”

“వాళ్లకు పాట వస్తదా?”

నేను ప్రూఫు తీసుకుని ప్రెస్సుకు నడిచాను.

అప్పటి నుంచి మూడు వారాలు ఆవిడ రోజూ ప్రూఫులు పట్టుకుని రావడం, నన్ను ‘పద్ధతుల సారు’ అని వెక్కిరించడం, నేను కొన్ని తప్పులు కావాలని వదిలేసి మర్నాడు మళ్లీ రప్పించుకోవడం. పాట సంగతి కూడా అప్పుడే తెలిసింది. సుక్కమ్మ అని గొర్ల కాపరుల ఇంటి ముసలామె పాట అది. కొల్లాపూర్ దిక్కు ఒక పల్లె ఆమెది. మంద వెనక నడుస్తూ పాడేది. ఆండాళు రెండు ఎండాకాలాలు ఆమె వెంట తిరిగి ఏడు చరణాలకూ స్వరం రాసుకుంది.

“రాగాలు పుస్తకాలల్ల దొరుకుతయి. గీ పాట సుక్కమ్మ కాడనే ఉన్నది. ఆమెకు డెబ్బై దాటినయి” అందోరోజు, చాయ్ గ్లాసు చేతిలోనే మర్చిపోయి.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ల నాయిన వెంకటరాజం గారు రిటైరైన హెడ్మాస్టరు, సంగీత సమాజానికి అధ్యక్షుడు. షాద్‌నగర్‌లో ఒక ఓవర్సియర్ సంబంధం చూశారట.

“నేను ఒద్దన్న. నాయిన ఒక మాటన్నడు. ఆషాఢంల సమాజం వార్షికోత్సవానికి పాటల మాస్టర్లంత వస్తరు. వాళ్లు పత్రిక మంచిగున్నదంటే నడుపుకో, ఈడనే ఎవరినన్న చూస్తనన్నడు. నవ్వులపాలైతే మాత్రం శ్రావణంల లగ్గం.”

“నవ్వులపాలెందుకైతది?” అన్నాను.

“పాట హార్మోనియం పెట్టె మీద పెట్టి వాయిస్తరు. నడుమ ఆగిపోతే నవ్వరా?”

ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే లేచి లెక్క చూసుకున్నాను. పాటకు ఎదురెదురు పేజీలు కావాలంటే ఇంకో పేజీ ఎక్కణ్ణుంచో రావాలి. కాగితం దొరకడమే గగనం, పదహారు దాటే వీల్లేదు. వ్యాసాలు రాసినవాళ్లందరికీ తలా ఒక పేజీ. ఐదు పేజీలున్నది ఒక్కరికే. అధ్యక్షుడి మాట. అంటే, వెంకటరాజం గారిది.

గుండె దిటవు చేసుకుని వాళ్లింటికి పోయాను. ఆండాళు తల్లి సుభద్రమ్మ మజ్జిగ ఇచ్చింది. వెంకటరాజం గారు విషయం విని కళ్లజోడు తీశారు.

“అధ్యక్షుని మాట కోసేటంత మొనగానివా నువ్వు?”

“జర ఒక్క పేజీ అయ్యా. పాటకు జాగా సాలుతలేదు.”

“సాలకపోతే పాటనే కొయ్యి! గొర్లు కాసేటామె పాటకు ఒక్క పేజీ సాల్దా?”

లోపల్నుంచి సుభద్రమ్మ అంది. “ఆ ఐదు పేజీలు నాకు నాలుగుసార్లు సదివి ఇనిపిచ్చిండు పిల్లగా. నాలుగుసార్లూ నిద్రవోయిన.”

“నువ్వు ఊకో!” అన్నారాయన. నన్ను మాత్రం గుమ్మం దాకా కూడా సాగనంపలేదు.

ఆయన గొర్లు కాసేటామె అన్న తీరు నాకు మంటెక్కించింది. మగ్గం నేసేటోడి కొడుకువు నువ్వెంత అన్నట్టే వినబడింది. ఆయన తాత కూడా మగ్గం నేసినవాడేనాయె! ప్రెస్సుకు వచ్చి ఉపన్యాసం కూర్చిన పేజీలు ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివాను. ‘సంగీతమనగా నేమి?’ అని రెండు పేజీలు. తన చిన్ననాటి జలుబు గురించి అర పేజీ. ఒక పేజీ ఎత్తేస్తే చాలు. తీసేశాను.

సాయంత్రం వాన దంచి కొడుతుంటే ఆండాళు తడుస్తూ వచ్చింది. చేతిలో అవే పేజీల ప్రూఫు. నిండా ఎర్ర పెన్సిలు గీతలు.

“నేను కొట్టేసిన” అంది రొప్పుతూ. “ఒక్క పేజీ చాలనుకున్న. మొదలుపెట్టినంక చెయ్యి ఆగలే. ఒక్క పేజీయే మిగిలింది.”

ఐదింట్లో నాలుగు పోయాయి! నాకు నవ్వాగలేదు. చదివి చూస్తే మిగిలిన ఆ ఒక్క పేజీ ఎంత బాగుందో! చిన్నప్పుడు తల్లి రాట్నం తిప్పుతూ పాడితే వినడం, ఊళ్లో ఎవరికీ ఆ పాట గుర్తులేకపోవడం, అందుకే ఈ సమాజం పెట్టడం. ఆయన చెప్పాలనుకున్నదంతా అదే.

“ఖాళీ జాగల సుక్కమ్మ ఇంకో పాట పెడ్దాం. ఆమె కథ గూడ” అంది. “నాయినకు నేను జెప్పుకుంట.”

“మీరొద్దు. మీరని తెలిస్తే రేపే షాద్‌నగర్. నేను కోసిన్నని చెప్త.”

“మీరు చెప్తే మీ ప్రెస్సు మూతవడ్తది. మా నాయినకు బజారంత తెలుసు.”

“పడనీ. ప్రెస్సు పోతే ఇంకో ఊర్ల పెట్టుకుంట. నువ్వు పోతే నేనేం జెయ్యాలె?”

నువ్వు అన్నానని అన్నాక గానీ నాకు తెలియలేదు. ఆండాళు కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. నేను అక్షరాల కేసులోకి తలదూర్చి లేని అక్షరమేదో వెతకసాగాను.

“సిద్దిరాములూ” అంది మెల్లిగా. అంతే. పెన్సిలు నా బల్ల మీద పెట్టేసి వానలోకి వెళ్లిపోయింది. నేను ఆ రాత్రంతా పాటలు పాడుకుంటూ మిషను తొక్కాను.

వార్షికోత్సవం నాడు పన్నెండు ఊళ్ల నుంచి మాస్టర్లు వచ్చారు. అట్ట మీద సుక్కమ్మ ముఖం, చూపు పేజీ లోపలికి. ఆ పద్ధతి మాత్రం నేను వదల్లేదు. ముసలామె ముందు వరుసలో కూర్చుని పత్రిక అటూ ఇటూ తిప్పింది.

“నా పాట కాయితమ్మీద గిట్లుంటదా బిడ్డా?” అంది. “సీమలు వరుసవెట్టినట్టున్నది!”

ఆండాళు పేజీ తెరిచి పెట్టె మీద పెట్టింది. సుక్కమ్మ పాడింది. ఏడు చరణాలు, ఎక్కడా ఆగలేదు, ఏ చెయ్యీ లేవలేదు. వెనక కూర్చున్న మాస్టర్లు అవే పేజీలు తెరుచుకుని తొడల మీద తాళం వేశారు. అయిపోయాక చప్పట్లు. ఒకాయన నిలబడి మా ఊళ్లో కూడా ఇలాంటి పాటలున్నాయి, పంపిస్తాను అన్నాడు. నేను మాత్రం వెంకటరాజం గారినే చూస్తున్నాను. ఆయన తన మాట ఉన్న నాలుగో పేజీ తెరిచారు, ఐదు తిప్పారు, మళ్లీ నాలుగు. ముఖం ఎర్రబడింది.

అప్పుడే ఆయన పాత స్నేహితుడు రామచంద్రయ్య మాస్టరు వచ్చి భుజం పట్టుకున్నాడు.

“వెంకటరాజం, ముప్పై ఏండ్ల సంది నీ ఉపన్యాసాలు ఇంటున్న. కడదాక చదివింది ఇదొక్కటే. మీ అమ్మ రాట్నం కాడ నాకు ఏడుపొచ్చిందిరా.”

వెంకటరాజం గారు పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నారు. జనం పల్చబడ్డాక మా ఇద్దరినీ పిలిచారు. సుభద్రమ్మ కూడా వచ్చి నిలబడింది.

“ఇది కోసిందెవరు?”

“నేనే” అన్నాను.

“నేనే” అంది ఆండాళు.

“ఆమె కాదయ్యా, నేను.”

“అబద్ధం నాయినా. గీతలు గీసింది నేను.”

“గీస్తే ఏమైంది? అక్షరాలు తీసేసింది నేను గద!”

“నేను జెప్తేనే తీసిండు!”

“చాలు!” అన్నారాయన. “ముప్పై ఏండ్లు బడి నడిపిన. తప్పు పక్కోని మీదికి తోసినోళ్లనే చూసిన. దెబ్బలు నాకంటే నాకని కొట్లాడేటోళ్లను ఇప్పుడే చూస్తున్న.”

మేమిద్దరం నేల చూశాం. ఆయన కూతురితో అన్నారు.

“మొన్న ఆదివారం ఓవర్సియర్ పిల్లగాడు వస్తే నా ఐదు పేజీలు చేతికిచ్చిన. కట్ట దారం గూడ విప్పలే. అద్భుతం సార్ అన్నడు. నేను సంబురపడ్డ.” నావైపు వేలు చూపారు. “వీడు ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చిండు. మళ్ల ఒక్కొక్కటి తీసిండు. అంటే రెండుసార్లు చదివిండు. నా మాటలు అన్నిసార్లు మీ అమ్మ గూడ చదవలే.”

“నేను ఇన్న గద!” అంది సుభద్రమ్మ.

“నిద్రల ఇన్నవు.” ఆయన గొంతు మెత్తబడింది. “బిడ్డా, నీ మనసుల ఏమున్నదో చెప్పు.”

“నాకు ఈయన గావాలె నాయినా” అంది ఆండాళు, తల ఎత్తి, అందరి ముందూ.

ఆయన నన్నేమీ అడగలేదు. నా ముఖం చూస్తే అడిగే పని లేదేమో. మీ నాయినను రమ్మను అని మాత్రం అని, జేబులోంచి పెన్ను తీశారు.

“షాద్‌నగరోళ్లకు ఉత్తరం నేను రాస్త.”

“నాయినా, చిన్నగ రాయి” అంది ఆండాళు.

ఆయన కూతురివైపు కోపంగా చూసి, కూర్చుని రాశారు. రాసి కాగితం నాకిచ్చారు. ‘మా అమ్మాయి మనసు ఇక్కడ కుదిరింది. మీ అబ్బాయికి మంచి పిల్ల దొరకాలని కోరుకుంటాను. మన్నించండి.’ అంతే ఉంది.

“చూడు. ఏమన్న కొయ్యాల్నా?”

రెండుసార్లు చదివాను. కళ్లలో నీళ్లు తిరిగి మూడోసారి అక్షరాలు కనబడలేదు.

“లేదు మామా” అన్నాను.