మావయ్య గారి రెండు స్పీకర్లు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో ఎవరి తొందర వాళ్ళది. కోడలు ఒక చేత్తో పాపకి పాలు తాగిస్తూ, రెండో చేత్తో తన డబ్బా సర్దుకుంటోంది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలడు గానీ, తన పనిముట్ల సంచీ ఎక్కడుందో చెప్పలేక ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అందరూ పిచ్చుక అని పిలిచే రెండున్నరేళ్ళ పాప పాలు వద్దని మొరాయిస్తోంది. ఈ హడావిడి ఏదీ పట్టనిది ఒక్క మావయ్య గారికే. ఆయన ముందుగదిలో కిటికీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, స్పీకర్ పెట్టెకి ఉప్పుకాగితం రుద్దుకుంటున్నారు.

ఆయనది నలభై ఏళ్ళపాటు రేడియోలూ రికార్డు ప్లేయర్లూ బాగుచేసిన చెయ్యి. పోయినేడాది కొట్టు మూసేసి వస్తూ వస్తూ రెండు ట్రంకుపెట్టెల నిండా రికార్డులు తెచ్చుకున్నారు. ఇల్లేమో మూడు గదులది. "చెప్పుల స్టాండు తీసేసి మూడడుగుల చోటిస్తాను మావయ్య గారూ, అంగుళం దాటితే ఒప్పుకోను" అని కోడలు వేళాకోళంగా అంటే, ఆయన దాన్ని పందెంగా తీసుకున్నారు. ఆ మూడడుగుల్లోనే మధ్యలో రికార్డు ప్లేయరు, దాని కింద చెప్పుల పెట్టెంత యాంప్లిఫయరు, అటూ ఇటూ చెరొక చిన్న స్పీకరు. అన్నీ పాత సెట్లలోంచి ఊడదీసినవే. కొత్తగా కొన్నది ముల్లు ఒక్కటే. మనవరాలికి మంచి పాట అంటే ఏమిటో తెలియాలని ఆయన పట్టుదల.

సెట్టు తయారై వారం దాటింది. అయినా ఆయనకి తృప్తి లేదు. పాట పెడతారు, మొహం చిట్లిస్తారు, ఆపేస్తారు. మొదట ముల్లు బాగాలేదన్నారు. తర్వాత రికార్డు అరిగిపోయిందన్నారు. ఆ తర్వాత గోడదే తప్పన్నారు. ఇప్పుడు పెట్టె చెక్క మీద పడ్డారు.

కోడలికి ఆ వరస చూస్తుంటే లోపల ఏదో గుబులు పుట్టింది. ఆమె కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తుంది. చూపు తగ్గినవాళ్ళు కొట్లోకి వచ్చి తమకి కనపడటం లేదని అనరు. పేపరువాడు ఈమధ్య సరిగ్గా అచ్చెయ్యడం లేదంటారు, ఇంట్లో బల్బులు నాసిరకానివి అంటారు. రోజుకి నలుగురైనా తగులుతారు అలాంటివాళ్ళు. మావయ్య గారి మాటలు అచ్చం అలాగే ఉన్నాయి.

దానికి తోడు, అత్తయ్య లేరు. కాలు విరిగిన కూతురికి సాయంగా ఉందామని వెళ్ళి అప్పటికి పన్నెండు రోజులు. ఆవిడ ఉన్నంతకాలం ఏ తేడా తెలియలేదు. ఆవిడ వెళ్ళిన మర్నాటి నుంచే గంట కొట్టినా తలుపు తెరుచుకోదు, ఫోను మోగి మోగి ఆగిపోతుంది, వంటింట్లోంచి ఏదన్నా అడిగితే జవాబు రాదు. ఎదురుగా నిలబడి చెబితే మాత్రం చక్కగా తలూపుతారు.

ఈ మాట భర్త చెవిన వెయ్యాలని కోడలు రోజూ అనుకుంటుంది. వేస్తే అతను ఊరుకునే మనిషి కాదు, ఆ పూటే తేల్చేస్తాడు. పాటంటే చెవి కోసుకునే పెద్దాయనకి ఆ మాట చెప్పే ధైర్యం తనకీ లేదు. చెప్పకపోతే, పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పిచ్చుక ఉండేది ఆయన ఒక్కడి దగ్గరే. ఈ మూడింటి మధ్యా పడి ఆమెకి అన్నం సయించడం లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం కొట్లోంచి మూడుసార్లు ఇంటికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. నాలుగోసారి చెయ్యలేదు. తలనొప్పని యజమానితో చెప్పి బయల్దేరింది.

వీధి మలుపు తిరిగి అలవాటుగా తలెత్తి చూసింది. మూడో అంతస్తులో తమ బాల్కనీ. బోర్లించిన బకెట్టు మీద నిలబడి, కమ్మీ మీద గడ్డం ఆనించి పిచ్చుక ఏడుస్తోంది. "తాతా, తాతా" అంటున్న మాట కింద వీధిలోకి స్పష్టంగా వినపడుతోంది.

కోడలు పేరు పెట్టి పిలవబోయి నోరు నొక్కుకుంది. అమ్మ గొంతు వింటే పిల్ల ఇంకా ముందుకి వంగుతుంది. కిక్కురుమనకుండా మెట్ల వైపు పరిగెత్తింది. మూడు అంతస్తులూ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తాళంచెవి రెండుసార్లు చేజారింది.

లోపల పాట పెట్టి ఉంటుందనుకుంది. అలా అయినా బాగుండేది. గదిలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. రికార్డు తిరగడం లేదు. మావయ్య గారు బాల్కనీ తలుపుకి వీపు పెట్టి, స్పీకరు మీదకి వంగి టంకం వేసుకుంటున్నారు. ఆయన వెనక నాలుగడుగుల్లో పిల్ల గొంతు పోయేలా ఏడుస్తోంది. తలుపుకి లోపల్నుంచి గడియ వేసి ఉంది.

ఆమె గడియ లాగి, పిల్ల గౌను పట్టుకుని, ఒక్క ఊపున లోపలికి తెచ్చుకుంది. అప్పుడు గాలి తగిలి మావయ్య గారు తలతిప్పారు.

"మావయ్య గారూ, ఈ గడియ ఎవరు వేశారు?"

"నేనేనమ్మా. టంకం వేసేటప్పుడు గాలి తగిలితే అతుకు చెడిపోతుంది. పాప లోపల పడుకుంది కదా అని..." అంటూ పిల్ల మొహం చూశారు. ఆ కన్నీళ్ళ చారలూ, ఎక్కిళ్ళూ చూశారు. చేతిలో టంకం కాడ పొగ కక్కుతూనే ఉంది. "ఏడ్చిందా?" అన్నారు మెల్లగా.

"వీధిలోకి వినపడిందండీ."

ఆయన కాడని స్టాండులో పెట్టబోయి రెండుసార్లు గురి తప్పారు.

కోడలు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని అత్తయ్యకి ఫోన్ చేసింది. సంగతి విన్నాక ఆవిడ ఏడుస్తూనే అంతా చెప్పింది. కుడిచెవి పోయి మూడేళ్ళయిందట. ఎడమచెవి సగానికి వచ్చిందట. బెల్లు మోగితే ఆవిడ లేచి నిలబడేది, దాన్ని చూసి ఆయన తలుపు వైపు తిరిగేవారు. వచ్చినవాళ్ళు ఏదన్నా అంటే, తను అడుగుతున్నట్టుగా అదే మాట మళ్ళీ పెద్దగా అనేది. కొట్టు మూసింది కూడా అందుకేనట. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పింది ఉత్త సాకు.

"డాక్టరు దగ్గరికి పోదామంటే పెడచెవిన పెట్టారమ్మా. వినపడకపోతే తలూపుతారు తప్ప, ఏమన్నావు అని ఒక్కసారీ అడగరు. ఆయన పరువు పోతుందని నేనూ దాచాను. పిల్ల మాట మర్చిపోయాను. నాది తప్పు" అంది అత్తయ్య.

సాయంత్రం భర్త వచ్చీ రాగానే పిచ్చుకే చెప్పేసింది. తాత తలుపేశాడనీ, తను చాలాసార్లు పిలిచిందనీ. బకెట్టు సంగతి కోడలు చెప్పక తప్పలేదు. భర్త ముందుగదిలోకి వెళ్ళాడు. మావయ్య గారు వాళ్ళకి వీపు పెట్టి స్పీకరుకి మరలు బిగిస్తున్నారు.

"నాన్నా, అమ్మ రేపు వచ్చేస్తోందట" అన్నాడు భర్త, మామూలు గొంతుతో.

మర బిగుస్తోంది.

"నాన్నా, వంటింట్లో మంటలు లేచాయి."

మావయ్య గారు ఇంకో మర అందుకున్నారు. వెనక నిలబడ్డ కోడలు "ఇక ఆపండి" అని భర్త మోచెయ్యి పట్టుకుంది. భర్త ఆమె చెయ్యి విదిలించుకుని తండ్రికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా? నీకు చెవులు వినపడక ఎన్నాళ్ళయింది?"

"నా చెవులకేం రా. నలభై ఏళ్ళు వాటితోనే మిమ్మల్ని పోషించాను."

"ఇప్పుడు నీ వెనక రెండుసార్లు పిలిచాను. మంటలన్నాను. నువ్వు మర తిప్పుకుంటూ కూర్చున్నావు. అనుమానం ఉన్న లిఫ్టుకి నేను బోర్డు తగిలించి తాళం వేస్తాను. దానిలో జనాన్ని ఎక్కనివ్వను. సోమవారం నుంచి పాపని పిల్లల్ని చూసుకునే చోట చేర్పిస్తున్నాం. అంతే."

మావయ్య గారు కొడుకు వైపు అలాగే చూశారు. "నేను లిఫ్టునిరా?" అన్నారు.

ఆ పూట భోజనాల దగ్గర పిచ్చుక ఎప్పటిలా తాత ఒళ్ళోకి ఎక్కబోతే, ఆయనే దాన్ని ఎత్తి తల్లికి అందించారు.

ఆదివారం పొద్దున్న ఆమె కాఫీ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి మావయ్య గారు సెట్టు ముందు రెండు పీటలు వేసి కూర్చున్నారు. రాత్రంతా కన్ను మూసినట్టు లేదు.

"ఒకసారి కూర్చుని వింటావా అమ్మా?" అన్నారు. ఈ సెట్టు మొదలెట్టాక ఆయన ఒకళ్ళని వినమని అడగడం అదే మొదలు.

ఆమె కూర్చుంది. ఆయన రికార్డు మీద ముల్లు దించారు. ఎవరో ఒకావిడ నిదానంగా పాడుతోంది. కోడలికి సంగీతం రాదు. తప్పుగా చెబుతానేమోనని భయం వేసింది. నిజం చెబుతానేమోనని ఇంకా భయం వేసింది.

"నీకెలా వినపడితే అలా చెప్పు. నన్ను చూసి మాట్లాడు."

"వాయిద్యాలు అటూ ఇటూ ఉన్నాయి మావయ్య గారూ. పాడే ఆవిడ మాత్రం ఎక్కడుందో తెలియడం లేదు. ఎదురుగా లేదు. గదంతా పల్చగా పరుచుకున్నట్టుంది. తల కాస్త కదిపితే నా వెనక నుంచి వస్తున్నట్టు కూడా ఉంది."

ఆయన ముల్లు ఎత్తేశారు. గబగబా సెట్టుని ముందుకి లాగి ఎడమ స్పీకరు వెనక్కి చూశారు. రెండు బూడిదరంగు తీగలు, ఒకే రకానివి. ఒక్కో తీగనీ వేళ్ళతో పట్టుకుని చివరిదాకా తడిమారు.

"తీగలు తిరగేసి కలిపాను" అన్నారు చివరికి. "ఒక స్పీకరు ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మధ్యలో గొంతు చచ్చిపోతుంది. ఇది పనిలో చేరిన మొదటి వారంలో కుర్రాళ్ళు చేసే తప్పమ్మా. ఒక తీగకి రంగు గుడ్డ కట్టుకోండ్రా అని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పాను. నేను మాత్రం ఏనాడూ కట్టుకోలేదు. తప్పుగా కలిపితే నా చెవి పట్టేసేది."

తీగలు విప్పి మార్చి కలిపారు. మళ్ళీ అదే పాట పెట్టారు. కోడలు ఉలిక్కిపడింది. పాడే ఆవిడ వచ్చి సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య నిలబడింది. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. ఆమెకి తెలియకుండానే కళ్ళు చెమర్చాయి. తలతిప్పి చూస్తే మావయ్య గారు సెట్టు వైపు చూడటం లేదు. పాట కుదిరిందో లేదో కోడలి మొహంలో వెతుక్కుంటున్నారు.

"వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండీ. ఎదురుగా ఉంది."

"తబలా కాస్త నిండినట్టుంది. గొంతు మాత్రం నాకు ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందమ్మా." పెదవి బిగబట్టుకున్నారు గానీ కన్నీళ్ళు ఆగలేదు. "పూర్తిగా పోయేలోగా ఒక్కసారి సరిగ్గా వినాలనుకున్నాను. అందుకే ఇదంతా. మనవరాలి కోసమని మీ అందరికీ చెప్పాను. మా ఆవిడకీ చెప్పాను. దాని కోసమే అయితే, దాని ఏడుపు నాకు వినపడాలి కదా."

కోడలు ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"రేపటి నుంచి పిచ్చుకని నా ఒక్కడి దగ్గర వదలొద్దు. వాడు చెప్పాడని కాదు, నేను చెబుతున్నాను. ఇంకో మనిషి ఇంట్లో ఉంటే అప్పుడు ఆడిస్తాను. ఆ చెవుల డాక్టరెవరో, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ఎలాంటి మిషను పెట్టుకోమంటే అలాంటిది పెట్టుకుంటాను."

పన్నెండు రోజులుగా తను ఎలా చెప్పాలా అని కుమిలిపోయిన మాట ఆయనే అనేసరికి కోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆయన చేతులు రెండూ పట్టుకుని, "నేను తీసుకెళతాను మావయ్య గారూ" అంది. ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడమర్చి అంది.

వంటింటి గుమ్మంలో భర్త ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు. పాట అయిపోయి ముల్లు ఖాళీ గాట్ల మీద తిరుగుతోంది. అతను వచ్చి తండ్రి ముందు ఆగాడు. తలొంచుకుని, తన కాళ్ళ వైపు చూసుకుంటూ గొణిగాడు.

"నిన్న నీ వెనక నిలబడి అలా పరీక్షించి ఉండకూడదు నాన్నా. నన్ను క్షమించు."

మావయ్య గారి తల అలవాటు కొద్దీ ఊగబోయింది. అంతలోనే ఆగింది. ఎడమచెవి కొడుకు వైపు తిప్పి, చెయ్యి దాని వెనక అడ్డం పెట్టుకున్నారు.

"వినపడలేదురా. ఏమన్నావు?"

కొడుకు నేల మీద ఆయనకి ఎదురుగా కూర్చున్నాడు. మొహం పైకెత్తి, కన్నీళ్ళు కనపడుతున్నా తుడుచుకోకుండా, ఆ మాట మళ్ళీ చెప్పాడు.