పథ్యం ఎవరిది?

1941. లాల్‌దర్వాజాలో బోనాలు అయిపోయిన వారమే.

పాల బుచ్చయ్య ఇంటి వసారాలో, చాప మీద అతని భార్య నీలమ్మ శవం. పెదవుల మీద పుండ్లు. చిగుళ్లలో ఎండిన నెత్తురు. పాపం, పాతికేళ్లయినా నిండని పిల్ల.

పోలీసు అమీన్ దస్తగీర్ టోపీ తీశాడు. ఎన్ని శవాలు చూసినా ఆ మనిషికి గుండె గట్టిపడలేదు.

"విషం పెట్టింది ఈ ముసల్దే సాబ్!" నీలమ్మ అన్న కైలాసం, ఆమె అత్త సత్తెమ్మను చూపించాడు. "గొడ్రాలని, కొడుక్కు ఇంకో లగ్గం చేస్తనన్నది!"

"కోపంల అన్న. గంతమాత్రానికి కోడల్ని చంపుకుంటనా?"

దేవుడి గూట్లో గోళీల పొట్లం దొరికింది. శవంతో పాటు దవాఖానకు పంపారు. మర్నాడు డాక్టర్ అమరనాథ్ రిపోర్ట్ వచ్చింది. గోళీల్లోనూ, శవం కడుపులోనూ పాదరసం. పేగులన్నీ పుండ్లు.

"ఇవి ఎవరిచ్చిన్రు?" దస్తగీర్ అడిగాడు.

"నేనే. పిల్లలు పుట్టే మందు. ఒకటేస్తే ఫాయిదా కాన్రాలె. రెండేసిన, మూడేసిన."

"తెచ్చిందెవరు?"

సత్తెమ్మ కొడుకు వైపు చూసింది. బుచ్చయ్య నేల చూపులు చూశాడు.

"నాకెర్క లేదు సాబ్."

ముసలమ్మ ముఖం పాలిపోయింది. "నేనే తెచ్చిన" అంది మెల్లగా.

"ఖూనీ కేసు. ఉరి పడుతది."

"పడనియ్యి."

కైలాసం పళ్లు కొరికాడు. "చెల్లె సస్తుంటే మా బావ సాధువైండు సాబ్! బోనాలకు కల్లు ముట్టలె, యాట కూర ముట్టలె. ఉప్పులేని జావ తాగిండు!"

సత్తెమ్మకు బేడీలు వేయబోయిన దస్తగీర్ చెయ్యి ఆగింది.

"మందు మింగింది పెండ్లాము. పథ్యం నువ్వెందుకు పట్టినవ్ బుచ్చయ్యా?"

దస్తగీర్ అతన్ని దవాఖానకు తీసుకెళ్లాడు. సాయంత్రం అతనితోనే తిరిగొచ్చాడు. వెనకే బండిలో నీలమ్మ శవం వచ్చింది.

"డాక్టర్ సాబ్ బుచ్చయ్య చీము మైక్రోస్కోప్‌ల చూసిండు" అన్నాడు అందరి ముందూ. "సుజాక్. మీరు సెగరోగం అంటరు. జంటలు జంటలుగా ఉంటయట ఆ పురుగులు. పెండ్లికి ముందే ఇతనికి అంటుకున్నయి. బీజం వచ్చే తొవ్వ మూసేసినయి. నీలమ్మ గొడ్రాలు కాదు."

దస్తగీర్ బుచ్చయ్య వైపు వేలు చూపించాడు.

"చాటుగా హకీం దగ్గర మందు తెచ్చుకున్నడు. తల్లి చూసి ఏందిరా అంటే, పిల్లల మందన్నడు. పిల్లల మందంటే మన ఇండ్లల్ల మింగేదెవరు? కోడలే. దవాఖానకు పోతే ఈ రోగానికి కొత్త సల్ఫా గోళీలుండె. సిగ్గు అడ్డమొచ్చింది."

బుచ్చయ్య తల్లి కాళ్లు పట్టుకున్నాడు. "గోళీలు తగ్గుడు చూసిన అవ్వా. అడిగితే నా రోగం బయటపడతదని..."

"ఎర్కుండే ఊకున్నవా బిడ్డా?"

బేడీలు కొడుకు చేతులకు పడ్డాయి. సత్తెమ్మ అటు చూడలేదు.

"పిల్ల చేదన్నది సాబ్. బెల్లంల వెట్టి మింగించిన. నా మాట మీద మింగింది."

ఆమె కైలాసం వైపు తిరిగింది. "నాయనా, దానికి ఆఖరి తానం నా చేత్తోటి పోయొచ్చునా?"

కైలాసం వెళ్లి, బావిలో చేద వేశాడు.